బీరువా భద్రంగా చేరాలంటే...

మూడో అంతస్తు నుంచి కిందికి దిగే మెట్ల మలుపు. పైన ఇద్దరు, కింద ఇద్దరు హమాలీలు. మధ్యలో బీరువా. అటు కదలదు, ఇటు కదలదు.

'కొంచెం ఎత్తన్నా...'

'ఇంకెక్కడ ఎత్తాలి, పైన స్లాబు తగుల్తోంది.'

'ఆగండాగండి... అద్దం, అద్దం!'

కింద గేటు దగ్గర లారీ డ్రైవరు హారన్‌ మోగిస్తుంటాడు. వెనక బండి వాళ్లు అతని మీద అరుస్తుంటారు. చేతిలో పాలగిన్నెతో ఇంటావిడ 'వర్జ్యం వచ్చేస్తోందండీ' అంటూ కంగారు పడుతుంటుంది. అద్దె ఇళ్లలో నాలుగేళ్లు గడిపిన ఏ కుటుంబానికైనా ఇలాంటి దృశ్యం ఒకటి గుర్తుండే ఉంటుంది. బీరువా మీద సొట్ట రూపంలోనో, గోడ మీద గీత రూపంలోనో.

తమాషా ఏంటంటే, సామాను పాడైందని తెలియగానే అందరూ తిట్టేది రోడ్డు మీది గుంతల్ని, లారీ నడిపినవాణ్ని. కానీ మంచం కోడు బీటలిచ్చినా, సోఫా చిరిగినా, డ్రెస్సింగ్‌ టేబుల్‌ అద్దం పగిలినా చాలాసార్లు ఆ పని లారీ కదలకముందే అయిపోతుంది. గుమ్మం దగ్గర, మెట్ల మలుపులో, లిఫ్టు ముందు. అక్కడ దెబ్బ తిన్నదాన్ని రోడ్డు పూర్తి చేస్తుందంతే. అందుకే సామాను భద్రంగా చేరాలంటే లారీ వచ్చే రోజు కాదు, అంతకు వారం ముందు నుంచే పని మొదలవ్వాలి.

ముందు టేపు... తర్వాతే తాడు

లారీ మాట్లాడుకోకముందే కొలతల టేపు తీసుకుని ఒకసారి కొత్తింటికి వెళ్లిరండి. హాలెంత, పడగ్గది ఎంత అని కాదు. అవి ఇల్లు చూసినప్పుడే అందరూ చూస్తారు. ఎవరూ చూడనివి గుమ్మాల వెడల్పు, మెట్ల మలుపులో ఖాళీ, లిఫ్టు తలుపు.

మామూలు ఇనుప బీరువా ఎత్తు 78 అంగుళాలు, వెడల్పు 36, లోతు 19. చాలా అపార్ట్‌మెంట్లలో లిఫ్టు తలుపు ఎత్తు 2 మీటర్లు. అంటే 79 అంగుళాలకు కాస్త తక్కువ. లెక్క ప్రకారం బీరువా పట్టాలి. కానీ కింద తడి తగలకుండా ఇనుప స్టాండు వేసి ఉంటే? నాలుగు అంగుళాలు పెరిగి, బీరువా లిఫ్టు బయటే నిలబడిపోతుంది. ఆరుగురు ఎక్కే లిఫ్టు 408 కిలోలు మోస్తుంది కాబట్టి బరువు గురించి బెంగ లేదు. చిక్కల్లా లోపలి జాగాతోనే. అటూ ఇటూ మీటరుకు కాస్త ఎక్కువో తక్కువో ఉంటుంది. డబుల్‌ కాట్‌ పలకల్ని నిలువుగా పెడితే తప్ప పట్టదు. వాటితోపాటు మనిషి ఎక్కడానికి చోటుండదు. అప్పుడు మెట్లే గతి. ఆ సంగతి హమాలీల కూలి మాట్లాడుకునేటప్పుడే తెలిసుండాలి. సామాను కిందికి దిగాక 'లిఫ్టు పనికిరాదంట' అని చెబితే వాళ్లు రేటు పెంచడంలో తప్పేముంది?

సోఫా దగ్గర మాత్రం చాలామంది అనవసరంగా భయపడతారు. మూడు సీట్ల సోఫా పొడవు ఆరేడు అడుగులుంటుంది, గుమ్మం మూడడుగులే. ఎలా దూరుతుంది అనిపిస్తుంది. పొడవుతో పని లేదు. సోఫా లోతు, ఎత్తు... ఈ రెండింట్లో ఒక్కటైనా గుమ్మం వెడల్పు కన్నా తక్కువుంటే చాలు. సోఫాని ఒక చెయ్యి మీద నిలువుగా నిలబెట్టి, వీపు భాగాన్ని ముందు గుమ్మంలోకి పెట్టి, కొక్కెం తిప్పినట్టు తిప్పుకుంటూ లోపలికి తీసుకెళ్లొచ్చు. పైన దర్వాజా తగలకుండా మాత్రం చూసుకోవాలి. కాళ్లు మరలతో బిగించినవైతే వాటిని విప్పేస్తే మూడు నాలుగు అంగుళాలు కలిసొస్తాయి. అప్పటికీ చాలకపోతే తలుపుని బందుల నుంచి ఊడదీస్తే ఇంకో అంగుళమో అంగుళంన్నరో దొరుకుతుంది. ఇంత చేసినా పట్టదని టేపు చెబితే, ఆ సోఫా గురించి ఇప్పుడే ఒక నిర్ణయానికి రావడం మేలు. కొత్తింటి గుమ్మంలో నిలబడి రావడం కన్నా.

ఇక ముహూర్తం సంగతి. మంచిరోజు అందరికీ ఒకటే కాబట్టి లారీలకూ ఆ రోజే గిరాకీ. మే నెలాఖరులో అయితే చెప్పక్కర్లేదు. జూన్‌లో బడులు తెరుస్తారు, వెనకే ఆషాఢం వచ్చేస్తుంది. ఇంటిల్లిపాదీ తొందర పడే రోజులవి. అనుభవం ఉన్న ఇళ్లలో ఒక పద్ధతి పాటిస్తారు. మంచి ఘడియలో దేవుడి పటం, పొయ్యి, పాలగిన్నె తీసుకెళ్లి పాలు పొంగించి వచ్చేస్తారు. బీరువాలూ మంచాలూ మర్నాడు తీరుబడిగా వెళ్తాయి. శాస్త్రానికి శాస్త్రం, సామానుకు సామాను.

అన్నీ మోయాలా?

కొలతలయ్యాక అడగాల్సిన ప్రశ్న ఇది. ఇంట్లో ఉన్న ప్రతి వస్తువూ మళ్లీ ఇంకో ఇంటికి రావాల్సిన అవసరం లేదు. ఊళ్లోనే నాలుగు వీధులవతలికి వెళ్లడం వేరు, హైదరాబాద్‌ నుంచి విశాఖకు ఆరు వందల కిలోమీటర్లు పైబడి వెళ్లడం వేరు. దూరం పెరిగేకొద్దీ లారీలో ప్రతి అడుగు జాగాకీ డబ్బు కట్టాలి.

ఇక్కడ కలప రకం తెలిసి ఉండాలి. టేకు, రోజ్‌వుడ్‌ సామాను ఎన్నిసార్లు విప్పి బిగించినా తట్టుకుంటుంది. మంచి ప్లైవుడ్‌ కూడా ఫర్వాలేదు. ఈ మధ్య డబ్బాల్లో వచ్చి, ఇంటి దగ్గర అలెన్‌ కీతో బిగించే అల్మరాలూ కంప్యూటర్‌ టేబుళ్లూ చాలావరకు పార్టికల్‌ బోర్డువి. చెక్కపొట్టుని జిగురుతో కలిపి అదిమి చేసిన పలకలవి. స్క్రూ ఒకసారి పట్టినంత గట్టిగా రెండోసారి పట్టదు. విప్పినప్పుడు రంధ్రంలోని పొట్టు రాలిపోతుంది. మూడోసారికి స్క్రూ ఊరికే తిరుగుతుంటుంది. పైగా తడి తగిలితే అంచులు ఉబ్బిపోతాయి, ఉబ్బినవి మళ్లీ తగ్గవు. అలాంటి అల్మరా ఇప్పటికే రెండు ఇళ్లు చూసి ఉంటే, దాన్ని మూడో ఊరికి మోసుకెళ్లే ఖర్చు దాని విలువ కన్నా ఎక్కువే కావచ్చు. ఇక్కడే ఎవరికైనా ఇచ్చేయడం తెలివైన పని.

తాతగారి పడక్కుర్చీ, అమ్మమ్మ భోషాణం లాంటివాటికి ఈ లెక్కలు పనిచేయవు. వాటి విలువ లారీ బాడుగతో తూచేది కాదు. అయితే వాటిని కూడా ఒకసారి తిరగేసి అడుగు భాగం చూడాలి. పిడికిలితో తడితే డొల్ల శబ్దం వస్తోందా? మూలల్లో మట్టి గీతలు కనిపిస్తున్నాయా? చెదలు పట్టిన సామానుని మందు వేయించకుండా కొత్తింట్లో పెడితే పక్కనున్న కొత్త కబోర్డులకూ ముప్పే. మంచం కీళ్ల సందుల్లో, దిండు కుట్ల దగ్గర నల్లులున్నాయేమో కూడా చూసుకోండి. ఈ మాట పైకి చెప్పుకోవడం ఎవరికైనా ఇబ్బందే కానీ, మన సామానుతోపాటు బాడుగ లేకుండా ప్రయాణం చేసేవి అవే మరి.

విప్పేవాళ్లు ఎవరైనా... గుర్తులు మీవే

డబుల్‌ కాట్‌ని విప్పడం తేలిక, బిగించడమే కష్టం అంటారు. కారణం ఒక్కటే. విప్పిన మనిషి బిగించడానికి రాడు. హైదరాబాద్‌లో విప్పిన కుర్రాడు హైదరాబాద్‌లోనే ఉంటాడు. విశాఖలో బిగించే కుర్రాడు ఆ మంచాన్ని అంతకుముందు చూసి ఉండడు. కాబట్టి మధ్యవర్తి ఇంటివాళ్లే.

విప్పకముందు సెల్‌ఫోన్‌తో నాలుగు వైపుల నుంచీ ఫొటోలు తీయండి. ప్రతి కీలునూ దగ్గరగా తీయండి. తర్వాత పలకల లోపలి వైపు, పైకి కనిపించని చోట, పెన్సిల్‌తో గుర్తులు పెట్టండి. తల వైపు కుడి ఒకటి, ఎడమ రెండు... ఇలా. కలిసే రెండు ముక్కల మీదా ఒకే అంకె ఉండాలి. వడ్రంగులు ఎప్పటి నుంచో చేసే పనే ఇది. పాత పందిరి మంచాన్ని విప్పితే ఆనాటి వడ్రంగి ఉలితో చెక్కిన గీతలు కనిపించవచ్చు. ఆ గీతలుంటే కొత్త గుర్తులతో పని లేదు.

స్క్రూలు, బోల్టులు, వాషర్లు, అలెన్‌ కీ... ఒక్కో సామానువి ఒక్కో జిప్‌ కవర్లో వేసి, దాని మీద పేరు రాయాలి. 'పెద్ద మంచం', 'పాప టేబుల్‌' అని. ఆ కవర్లన్నీ ఒక స్టీలు డబ్బాలో పెట్టి, డబ్బాని లారీలో కాకుండా మీతో తీసుకెళ్లండి. కవర్‌ని మంచం పలకకే టేపుతో అంటిస్తే పోదు కదా అని కొందరంటారు. టేపుతోపాటు పాలిష్‌ కూడా ఊడొస్తుంది. ఎక్కువసార్లు కవరే ఊడిపోతుంది.

హైడ్రాలిక్‌ మంచాలతో ఒక జాగ్రత్త తప్పనిసరి. పరుపు బరువు మీద కిందికి అణిగి ఉండే పైచట్రం, పరుపు తీసేసిన క్షణంలో గ్యాస్‌ గొట్టాల ఒత్తిడికి ఒక్కసారిగా పైకి లేస్తుంది. వంగి ఉన్నవాళ్ల గడ్డానికో ముఖానికో తగిలితే పళ్లు రాలొచ్చు. ముందు చట్రాన్ని పరుపుతో సహా పూర్తిగా పైకెత్తి, ఇద్దరు అటూ ఇటూ గట్టిగా పట్టుకున్నాకే పరుపు జార్చాలి. ఆ గొట్టాల్ని ఎప్పుడైనా సరే చట్రం పైకి లేచి ఉన్నప్పుడే విప్పాలి. ఇది తెలియనివాళ్లతో చేయించే పని కాదు. ఆ మంచం ఎవరి దగ్గర కొన్నారో వాళ్ల మనిషిని పిలిపించుకుంటే ఖర్చయినా నయం.

పాత మంచాల బోల్టులు తుప్పు పట్టి బిగుసుకుపోతే సుత్తితో కొట్టకండి. రెండు చుక్కల కొబ్బరినూనో మిషన్‌ ఆయిలో వేసి రాత్రంతా వదిలేస్తే చాలావరకు పొద్దున్నకి కదులుతుంది. ఈ ఒక్కదానికోసమైనా ముందురోజే పని మొదలుపెట్టాలి.

పాత నేతచీరే బంగారం

ప్యాకింగ్‌ అనగానే అందరికీ బుడగల కవరే గుర్తొస్తుంది. గాజుకి, అద్దానికి అది మంచిదే. పాలిష్‌ చేసిన చెక్కకి మాత్రం నేరుగా చుట్టకూడదు. మన ఎండల్లో లారీ లోపల వేడి పెరిగి ప్లాస్టిక్‌ పాలిష్‌కి అంటుకుంటుంది. విప్పాక బల్ల మీద బుడగల అచ్చులు గుండ్రంగా పడి ఉంటాయి. ముందు పాత నేతచీరో, పలచటి దుప్పటో చుట్టి, ఆ పైన బుడగల కవరో అట్టో వేసి కట్టాలి. వార్తాపత్రికలు గిన్నెలకీ గాజుసామానుకీ బాగానే పనికొస్తాయి. లేత రంగు సోఫా గుడ్డకి మాత్రం వద్దు, సిరా మరకలు పడతాయి.

దెబ్బ తినేది ఎప్పుడూ మూలలే. బల్ల మధ్యలో నాలుగు పొరలు చుట్టి మూలల్ని వదిలేస్తే ప్రయోజనం లేదు. పాత అట్టపెట్టెల్ని త్రికోణంగా కత్తిరించి మూలలకి తొడిగితే చాలు. డబ్బు పెట్టి కొనక్కర్లేదు.

అద్దాన్ని, గాజుపలకని, పాలరాతి బల్లపైని ఎప్పుడూ నిలువుగానే మోయాలి, నిలువుగానే పెట్టాలి. పడుకోబెడితే రోడ్డు కుదుపు మొత్తం మధ్యలోకి చేరి అక్కడే విరుగుతుంది. అద్దం మీద ఇంటూ గుర్తులా టేపు అంటిస్తారు చూశారా... దానివల్ల అద్దం పగలకుండా ఆగదు. పగిలితే ముక్కలు చెల్లాచెదురు కాకుండా, విప్పేవాళ్ల చేయి తెగకుండా ఉంటుంది. అందుకూ అంటించాల్సిందే. స్ప్రింగు పరుపుని మడవకూడదు, కొబ్బరిపీచు పరుపుని అసలే మడవకూడదు. రెండింటినీ అంచు మీద నిలబెట్టి తీసుకెళ్లాలి.

ఇప్పుడు బీరువా దగ్గరికి వద్దాం

గోద్రెజ్‌ సంస్థ ఇనుప బీరువాల తయారీ మొదలుపెట్టింది 1923లో. ఇప్పుడు ఏ కంపెనీది అయినా సరే, మన ఇళ్లలో చాలామంది దాన్ని 'గోద్రెజ్‌ బీరువా' అనే అంటారు. ఇంట్లో అన్నిటికన్నా బరువైనది, అన్నిటికన్నా నమ్మకమైనది, తరలించేటప్పుడు అన్నిటికన్నా ప్రమాదకరమైనదీ అదే.

మొదట పూర్తిగా ఖాళీ చేయాలి. 'బట్టలే కదా, మెత్తగా ఉంటాయి, అలాగే పోనీండి' అంటారు. నిండుగా ఉన్న పట్టుచీరల అర ఎంత బరువుంటుందో దాన్ని మోసేవాళ్లకే తెలుస్తుంది. అదనపు బరువుతో అరలు వంగుతాయి, తలుపులు వాలిపోతాయి. ఖాళీ చేశాక ఊడొచ్చే అరల్ని తీసి విడిగా కట్టాలి. లాకర్లోని నగలు, కాగితాలు ఇంటివాళ్ల చేతిసంచిలోనే ఉండాలి. తర్వాత తలుపులకి తాళం వేసి, తాళంచెవిని రంధ్రంలో వదిలేయకుండా తీసేయాలి. మెట్ల మీద తాళంచెవి గోడకి తగిలి లోపలే విరిగిన బీరువాని తెరిపించడానికి పడే పాట్లు ఇన్నీ అన్నీ కావు. తాళం ఒక్కటే చాలదు, చుట్టూ దుప్పటి చుట్టి రెండుచోట్ల తాడు కట్టాలి. ఖాళీ బీరువా తలుపులు తెరుచుకుంటే బరువంతా ముందుకి వచ్చి మనుషుల మీదికి తూలిపోతుంది. దాన్ని కిందికి దించి ఇటూ అటూ వెళ్తున్న హడావుడిలో చిన్నపిల్లల్ని ఆ దరిదాపుల్లోకి రానివ్వకండి. ఇంటి తరలింపులో సొట్టలూ గీతలూ డబ్బుతో పోతాయి. పోనిది ఇదొక్కటే.

పట్టుకోవడం కూడా పద్ధతిగా ఉండాలి. హ్యాండిల్‌ పట్టుకుని లాగకూడదు. అడుగున చేతులు పెట్టో, వెడల్పాటి బెల్టు వేసో ఎత్తాలి. మెట్ల మీద బలమైనవాళ్లు కింది వైపు ఉండాలి, బరువు ఎక్కువగా పడేది వాళ్ల మీదే. మాట చెప్పేది ఒక్కరే కావాలి. నలుగురు నాలుగు రకాలుగా 'ఇటు, అటు' అంటే మలుపులో ఇరుక్కునేది అందుకే.

ఈ పద్ధతులు మిగతావాటికీ వర్తిస్తాయి. కుర్చీని వీపు పట్టుకుని కాదు, కూర్చునే చట్రం పట్టుకుని ఎత్తాలి. బల్లని పైపలక అంచు పట్టుకుని కాదు, దాని కిందనున్న చట్రం పట్టుకుని ఎత్తాలి. సోఫా చేతులు మోయడానికి చేసినవి కావు. ఇక నేల మీద ఈడ్చడం... అదొక్కటి మానేస్తే సగం సామాను బతుకుతుంది. ఈడ్చినప్పుడు కాలు టైల్స్‌ సందులో తట్టుకుంటుంది, దెబ్బ కాలికి కాదు, కాలు కలిసే కీలుకి తగులుతుంది. పైకి ఏమీ కనిపించదు. నెలరోజుల తర్వాత అన్నం తింటుండగా కుర్చీ ఊగడం మొదలవుతుంది.

కూలి ఆదా అవుతుందని నడుంనొప్పి ఉన్న నాన్నగారూ, కాలేజీ కుర్రాడూ కలిసి బీరువాకి చేయి వేయడం కూడా చూస్తుంటాం. ఎత్తక తప్పనప్పుడు నడుం వంచి కాదు, మోకాళ్లు వంచి కూర్చుని, బరువుని ఒంటికి దగ్గరగా పట్టుకుని లేవాలి. బరువుతో ఉన్నప్పుడు నడుం తిప్పకుండా పాదాలు తిప్పాలి. హవాయి చెప్పులతో మెట్లు దిగకూడదు. రోజూ బరువులు మోసే హమాలీలకీ నడుం ఉంటుంది. వాళ్లకి మంచినీళ్లు, మధ్యలో పది నిమిషాల విరామం ఇచ్చిన ఇంట్లో సామాను కూడా నెమ్మదిగానే దిగుతుంది.

లారీలో సర్దే పని తెలిసినవాళ్లకి వదిలేయొచ్చు. ఊళ్లో అయితే ట్రాలీ ఆటోనో టాటా ఏసో, కుటుంబం పెద్దదైతే డీసీఎమ్మో సరిపోతుంది. బీరువా, ఫ్రిజ్‌ లాంటి బరువులు డ్రైవర్‌ క్యాబిన్‌ గోడని ఆనించి నిలువుగా ముందు ఎక్కాయా, వాటికి తాళ్లు కట్టారా, మధ్యలో ఖాళీల్ని పరుపులూ దిండ్లతో నింపారా అన్నది చూసుకుంటే చాలు. ఖాళీ ఉంటేనే సామాను కదులుతుంది. వానాకాలమైతే టార్పాలిన్‌ చిరుగులు ఎక్కించకముందే చూడాలి.

సంతకం పెట్టేముందు

వేరే ఊరికి బదిలీ అయితే ప్యాకర్స్‌ అండ్‌ మూవర్స్‌ని పిలవక తప్పదు. ఇక్కడ పాడయ్యేవి సామానొక్కటే కాదు. ఫోన్లో తక్కువ రేటు చెప్పి, సామాను లారీ ఎక్కాక 'జాగా ఎక్కువ పట్టింది' అంటూ ఇంకొంత అడిగేవాళ్లున్నారు. ఇవ్వకపోతే దించం అంటారు. అప్పటికి ఇల్లు మొత్తం వాళ్ల చేతిలో ఉంటుంది. అందుకే మనిషి ఇంటికొచ్చి సామాను కళ్లారా చూసి, రాతపూర్వకంగా రేటు ఇచ్చేవాళ్లతోనే మాట్లాడాలి. లిఫ్టు లేకపోతే ఎంత, మంచాలు విప్పి బిగించడం అందులో కలిసిందా లేదా... అన్నీ కాగితం మీద ఉండాలి. డబ్బు మొత్తం ముందే ఇచ్చేయకూడదు.

రోడ్డు రవాణాకి చట్టం ఉంది. క్యారేజ్‌ బై రోడ్‌ చట్టం 2007లో వచ్చింది. దాని ప్రకారం సరకు తీసుకుని రసీదు ఇచ్చి రవాణా చేసే సంస్థలు రిజిస్టర్‌ అయ్యుండాలి. ఆ నంబరు అడగడానికి మొహమాటపడక్కర్లేదు. అసలు కిటుకు ఇంకోటుంది. సామాను విలువ ఎంతో మీరు ముందే రాసివ్వకపోతే, ఏదైనా జరిగినప్పుడు సంస్థ బాధ్యత పరిమితంగానే ఉంటుంది. కాబట్టి జాబితా రాయండి. 'ఫర్నిచర్‌ 1 లాట్‌' అని వాళ్లు రాస్తే ఒప్పుకోకండి. 'టేకు డైనింగ్‌ టేబుల్‌ 1, కుర్చీలు 6, ఎడమ అంచున పాత గీత ఉంది' అని విడివిడిగా, విలువలతో రాయాలి. పాత గీతని కూడా రాయడం మీకే మంచిది. మిగతా జాబితాని నమ్మేది అప్పుడే.

'ఇన్సూరెన్స్‌ చేయిస్తాం' అని శాతం లెక్కన డబ్బు తీసుకుంటే పాలసీ కాగితం చేతికి రావాలి. దాని మీద బీమా కంపెనీ పేరు, పాలసీ నంబరు, మీ పేరు ఉండాలి. బిల్లు మీద 'ఇన్సూరెన్స్‌ చార్జీలు' అని ఒక వరుస ఉన్నంత మాత్రాన బీమా ఉన్నట్టు కాదు. అదే బిల్లు అడుగున చిన్న అక్షరాల్లో 'ఓనర్స్‌ రిస్క్‌' అని అచ్చు వేసి ఉంటే ఒకసారి ఆగి, ఎందుకుందో అడగండి.

కొత్తింట్లో సామాను దించగానే 'ఇక్కడ సంతకం పెట్టండి సార్‌, ఇంకో ట్రిప్పుంది' అంటారు. జాబితా పట్టుకుని లెక్క చూశాకే పెట్టండి. పగిలింది, చిరిగింది ఏదుంటే అది ఆ డెలివరీ కాగితం మీదే రాసి, ఫొటో తీసి, అప్పుడు సంతకం చేయండి. తర్వాత సంస్థకి రాతపూర్వకంగా నోటీసు పంపాలి. చట్టం ప్రకారం కేసు వేయాలంటే సరకు బుక్‌ చేసిన రోజు నుంచి 180 రోజుల్లోపు ఆ నోటీసు అందాలి. ఫోన్లో ఎన్నిసార్లు తిట్టినా అది నోటీసు కాదు. అప్పటికీ పలకకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌ 1915కి ఫోన్‌ చేయొచ్చు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం వచ్చాక, సంస్థ ఆఫీసు ఏ ఊళ్లో ఉన్నా ఫిర్యాదు మీరున్న జిల్లా కమిషన్‌లోనే వేసుకోవచ్చు. చెల్లించిన మొత్తం రూ.5 లక్షల లోపైతే ఫీజు కూడా లేదు.

కొత్తింట్లో మొదటి వారం

ఏ సామాను ఏ గదిలోకో ఒక కాగితం మీద గీసి తలుపుకి అంటించండి. బీరువా ఒకసారి పెట్టాక మళ్లీ జరపాల్సి రాకూడదు. పెట్టిన చోట తలుపులు సరిగ్గా మూసుకోకపోతే 'విరగ్గొట్టారు' అని హమాలీల మీద పడకండి. చాలావరకు నేల ఎగుడుదిగుడు వల్ల చట్రం ఒక పక్కకి ఒరుగుతుంది. ఏ మూల పల్లంగా ఉందో చూసి, అక్కడ కాలు కింద చెక్కముక్కో దళసరి అట్టో పెడితే తలుపు దానంతటదే కలుస్తుంది. పసిపిల్లలున్న ఇంట్లో ఎత్తైన అల్మరాలనీ సొరుగుల బల్లలనీ గోడకి బ్రాకెట్‌తో బిగించడం మర్చిపోకండి. సొరుగులే మెట్లనుకుని ఎక్కుతారు వాళ్లు. వానలో వచ్చిన చెక్క సామానుని తుడిచి నీడనే ఆరనివ్వాలి, ఎండలో పెడితే పలకలు వంగుతాయి.

మంచాల బోల్టుల్ని మొదటిరోజు బిగించినా, వారం తర్వాత ఇంకోసారి బిగించాలి. కీళ్లు సర్దుకుని కాస్త వదులవుతాయి. అన్నీ బిగించేశాక స్టీలు డబ్బాలో ఒకటో రెండో స్క్రూలు తప్పకుండా మిగులుతాయి. 'మనవి కావేమో' అని పారేయకండి. నాలుగు రోజులు ఆగితే ఏదో ఒక మంచం కిర్రుమంటుంది. అవి ఎక్కడివో అదే చెబుతుంది.